పాత పంచాంగముతో క్రొత్త ప్రయాణమా?

దూరప్రయాణమునకు బయలుదేరువాడు బండియిరుసును, చక్రపు సీలను, ఎద్దుల గిట్టలను ముందుగా చూచుకొనుట మన పెద్దలు నేర్పిన మొదటి జాగ్రత్త. కోరంగి, బందరు రేవులనుండి ఓడలు నడపిన తెలుగు సరంగులు చుక్కలను గుర్తింపక, దిక్సూచిని సరిచూడక లంగరెత్తి యెరుగరు. నేడు మన ప్రజలు శంషాబాదున విమానమెక్కి, రెండుగంటలకు కొంచెము మించిన కాలమున ఢిల్లీలో దిగుచున్నారు. బండి మారినది, ఓడ మారినది, జాగ్రత్త మారలేదు. ఆ జాగ్రత్త యిప్పు డెచట నున్నది, ఎవరి చేతిలో నున్నది, ఎంతవరకు మనది యను ప్రశ్నను మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

2025 డిసెంబరులో కేంద్ర పౌరవిమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామమోహననాయుడుగారు పార్లమెంటునకు ఒక ప్రత్యుత్తరము నొసగిరి. ఢిల్లీ విమానాశ్రయ సమీపమున ఉపగ్రహ సంకేతముల ననుసరించి దిగుచున్న కొన్ని విమానములకు దొంగసంకేతములు తగిలినవనియు, ఆపద్విధానముల నవలంబించి వానిని దింపవలసివచ్చెననియు, కోల్‌కతా, అమృతసర్, ముంబయి, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై విమానాశ్రయములనుండి సైతము ఉపగ్రహ సంకేతములకు అంతరాయములు కలిగినట్లు సమాచారము వచ్చెననియు దాని సారాంశము. ఈ పట్టికలో హైదరాబాదు పేరు చూచి పత్రికను మడచి బల్లపై నుంచుట తగదు. ఏటేట కోట్లమంది రాకపోకలు సల్పు ద్వారమది. ఆ ద్వారమునకు పైనున్న ఆకాశమున దొంగదీపము వెలిగింపబడెననిన, నిజమైన దీపమేదో, దాని నెట్లు గుర్తించుటయో తెలిసికొనుట పౌరుల ధర్మము.

ముందు ఆ పరికరమేమో చెప్పుదము. విమానపు వెన్నుపై అరచేతియంత యాంటెన్నా యొకటి యుండును. దానికి తీగచే కలుపబడి లోపల రిసీవరుండును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు అమెరికాదేశపు జి.పి.యస్. ఉపగ్రహములనుండి వచ్చు రేడియో సంకేతముల నిది ఆలకించును. ప్రతి యుపగ్రహమునందు పరమాణు గడియారమొకటి కలదు. సంకేతము బయలుదేరిన వేళను, చేరిన వేళను పోల్చి, ఆ భేదమును వెలుగు వేగముచే గుణించిన దూరము తెలియును. మూడు ఉపగ్రహముల దూరములు తెలిసిన విమానమున్న చోటు తెలియవలెను. కాని రిసీవరులోని గడియారము ఉపగ్రహములోని దానియంత నిక్కమైనది కాదు. దాని దోషమును తీర్చుటకు నాలుగవ యుపగ్రహము కావలయును. సెకండులో పదిలక్షలవ వంతు తప్పిన చోటు 300 మీటర్లు తప్పును. మబ్బులలో రన్‌వేను వెదకుకొనుచు దిగు విమానమునకు 300 మీటర్ల తప్పన నేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పరికరమును కొని తెచ్చి బిగించి మీట నొక్కినంతనే అది దారి చూపునని సామాన్యులు తలచుదురు. అది సరికాదు. యాంటెన్నా ఆకాశమునంతటిని చూడగల చోట, ఇతర యాంటెన్నాలకు తగినంత దూరమున నుండవలెను. తీగయందు సంకేతము క్షీణింపరాదు. విమానములోని మరియొక రేడియో మాటలాడునపుడు ఈ రిసీవరు మూగవోవునేమో పరీక్షింపవలెను. హ్యాంగరు కప్పు క్రింద నున్నంతకాల మది గ్రుడ్డిది. కావున విమానమును బయటికి లాగి ఆకాశము క్రింద నిలుపవలెను. పిమ్మట అది చూపు చోటును, కొలిచి నిర్ణయింపబడియున్న నిలుపుదల స్థలపు అక్షాంశ రేఖాంశములతో పోల్చిచూడవలెను. రెండును సరిపోయిననాడే ఆ పరికరము మాట నమ్మదగును.

దీర్ఘకాలము విద్యుత్తు లేక నిలిచిన రిసీవరునకు, లేక ఒక ఖండమున కట్టబడి మరియొక ఖండమునకు చేరిన రిసీవరునకు ఇంకొక యిబ్బంది కలదు. ఏ యుపగ్రహము ఏ వేళ ఏ దిక్కున నుండునో చెప్పు పట్టిక దానికి కావలయును. దీనిని శాస్త్రజ్ఞులు పంచాంగమనియే పిలుతురు. మాట మనదిగాక పోయినను భావము మనదే. ఉపగ్రహములన్నిటి పంచాంగమును సంకేతములనుండి పూర్తిగ వినుటకు పండ్రెండున్నర నిమిషములు పట్టును. ప్రతి యుపగ్రహముయొక్క సూక్ష్మగతిని వేరుగ వినుటకు మరి అరనిమిషము కావలయును. ఆ సూక్ష్మగతి వివరములును కొన్నిగంటలకే పాతబడును. నిరుటి పంచాంగము చూచి ఈయేటి పెండ్లికి ముహూర్తము పెట్టు పురోహితుని మనమెవ్వరము మన్నింపము. పాత పంచాంగముతో మేల్కొన్న రిసీవరును తొందరపెట్టి గాలిలోనికెత్తు వానిని మాత్ర మేల మన్నింపవలెను?

పంచాంగముతోనే పని ముగియదు. విమానములోని దారుల పట్టిక, అనగా రన్‌వేలు, మలుపులు, ఎత్తులు వ్రాసియున్న సంచయము, ప్రతి 28 దినములకొకమారు క్రొత్తదిగ మార్పబడవలెను. గడువు తీరిన సంచయము పాత పటమే. మరియు జి.పి.యస్. తన వారములను 1,024 వరకు లెక్కించి మరల సున్న నుండి మొదలిడును. ఈ చుట్టు 1999 ఆగస్టులో ఒకమారు, 2019 ఏప్రిలులో మరియొకమారు తిరిగెను. 2038 నవంబరులో మరల తిరుగవలసియున్నది. సవరింపని పాత రిసీవరు ఆ దినమున తాను పందొమ్మిదిన్నర యేండ్ల వెనుక నున్నట్లు భ్రమించును. ఇట్టి చిన్న విషయములను చిన్నవని త్రోసిపుచ్చుటచేతనే లోకమున పెద్ద ప్రమాదములు కలుగుచున్నవి.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైన సమానమే. మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. భూమికి పైన వందల కిలోమీటర్ల యెత్తున సూర్యుని కిరణములచే విద్యుత్కణములుగ విడివడిన వాయుమండలపు పొర యున్నది. దీనిని అయనోస్ఫియరందురు. ఉపగ్రహ సంకేతము దీనిగుండ వచ్చునపుడు కొంత ఆలస్యమగును. ఆలస్యమే దూరపు తప్పగును. ఐరోపా, అమెరికాల పైన ఈ పొర చాలవరకు నెమ్మదిగా నుండును. మన దక్షిణాపథమున అయస్కాంత మధ్యరేఖ తమిళదేశపు కొననుండి పోవుచున్నది. ఆ పొర మిక్కిలి దట్టమగు శిఖరము ఉత్తరమున గుజరాతు, మధ్యప్రదేశముల దాపున నుండును. తెలుగునేల యీ రెంటి నడుమ నున్నది. ప్రొద్దు గ్రుంకినపిమ్మట, విశేషించి విషువత్తుల దినములలో, ఆ పొరయందు బుడగలు లేచి సంకేతములను మినుకుమినుకు మనిపించును. ఇతరుల దేశముల పైన కొలిచి వ్రాసిన సవరణసూత్రము మనకు చాలదు. మన ఆకాశమును మనమే కొలువవలసివచ్చెను.

కొలిచినవారును మనవారే. అయనోస్ఫియరు పరిశోధనమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు దీర్ఘసంప్రదాయము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున నావిగేషను ఎలక్ట్రానిక్సునకై ప్రత్యేక పరిశోధన శిక్షణ కేంద్రము నెలకొని, జి.పి.యస్. తప్పుల లెక్కలయందు యువకులను తీర్చుచున్నది. ఇట్టి పరిశ్రమ దేశమందంతట జరుగగా, భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయు కలిసి గగన్ అను వ్యవస్థను నిర్మించెను. దేశమున నలుమూలల 15 కేంద్రములు జి.పి.యస్. సంకేతములను నిరంతరము వినుచు, తమ నిజమైన చోటుతో పోల్చుకొని తప్పెంతయో కనిపెట్టును. బెంగుళూరులోని ప్రధాన కేంద్రములు సవరణలను గణించి, 36,000 కిలోమీటర్ల యెత్తున నిలుకడగ నుండు మన ఉపగ్రహముల ద్వారా విమానములకు ప్రసారము చేయును. ఏ ఉపగ్రహమైన అబద్ధమాడిన, దానిని నమ్మవలదని కొన్ని సెకండ్లలోనే హెచ్చరించును. సవరణకంటెను ఈ హెచ్చరిక విలువైనది.

ఈ కార్యము సుఖముగ సాగలేదు. గగన్ పరికరము మోసిన జీశాట్-4 ఉపగ్రహము 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోటనుండి లేచి కక్ష్య చేరకయే నశించెను. అధైర్యపడక 2011లో జీశాట్-8ను, 2012లో జీశాట్-10ను, 2015లో జీశాట్-15ను పంపిరి. 2013 డిసెంబరులో మొదటి ధ్రువీకరణము, 2015 ఏప్రిలులో ఎత్తుపల్లములను సైతము చూపి విమానమును దింపుటకు అర్హతయు లభించెను. అయస్కాంత మధ్యరేఖ దాపున ఇట్టి అర్హత పొందిన మొదటి వ్యవస్థ యిదియే. 2015 జూలైలో దీనిని జాతికి సమర్పించిన పౌరవిమానయాన మంత్రి విజయనగర సంస్థానపు శ్రీ పూసపాటి అశోకగజపతిరాజుగారు. నేడు ఆ శాఖ శ్రీకాకుళపు మంత్రిచేతిలో నున్నది. ఇది తెలుగువారు గర్వపడుటకు చెప్పుటలేదు; అడుగుటకు మనకు దగ్గరి ద్వారమున్నదని చెప్పుటకు చెప్పుచున్నాము.

ఏమి అడుగవలెను? దీపము వెలిగించి పదేండ్లు గడచినను దానిని చూడగల కన్నులు విమానములకు తగినన్ని రాలేదేమని యడుగవలెను. 2019 జనవరి 1 మొదలు దేశమున నమోదగు ప్రతి విమానమునకు గగన్ రిసీవరుండవలెనని 2016 నాటి పౌరవిమానయాన విధానము శాసించెను. గడువు జరిగి 2021 జూలై 1 అయ్యెను. ఆ తేదీకి ముందు నమోదైన విమానములకు ఆ నిర్బంధమే లేదు. ఆకాశమున నెగురు పెద్ద జెట్టు విమానములు పెక్కింటికి ఈ రిసీవరు తొలినుండి లేదు. 2022 ఏప్రిల్ 28న రాజస్థానపు కిషన్‌గఢ్ విమానాశ్రయమున ఇండిగో సంస్థవారి ఎ.టి.ఆర్.-72 విమానము గగన్ చూపిన దారిని దిగెను. ఆసియా పసిఫిక్ ఖండమున నది మొదటిదని లోకము మెచ్చుకొనెను. మెచ్చుకోలు మంచిదే, కాని మొదటి విందు ముగిసినపిమ్మట వంటయిల్లు చల్లారిన నేమి ప్రయోజనము?

విమానసంస్థల వారు చెప్పు సమాధానములు రెండు. రిసీవరులను మార్చుటకు వ్యయమెక్కువ యనుట యొకటి. పెద్ద విమానాశ్రయములయందు భూమిపైనుండి దారి చూపు ఐ.యల్.యస్. యంత్రములుండగా దీని యక్కరయేమి యనుట రెండవది. ఇవి తేలికగ కొట్టివేయదగిన మాటలు కావు. 4,260 మీటర్ల రన్‌వేతో, సమస్త సాధనములతో 2008 మార్చిలో తెరువబడిన శంషాబాదునకు గగన్ లేకున్నను జరుగుబాటగును. ఒక్క శంషాబాదునే చూచినచో వారి వాదము నిలుచును. కాని తెలుగుదేశమంత శంషాబాదు కాదు. ఓర్వకల్లు విమానాశ్రయము 2021లో తెరువబడెను. నిజాము కాలమున వన్నెకెక్కి దశాబ్దములు పాడుపడిన వరంగల్లు మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రానుమతి లభించెను. దినమునకు నాలుగైదు విమానములు వచ్చు చిన్న యూళ్లలో ప్రతి రన్‌వే కొనను ఖరీదైన యంత్రములను నిలిపి, మనుష్యులనుంచి, మాటిమాటికి విమానముతో పరీక్షించి పోషించుట ఎవరి తరము? ఇట్టి చోట్లనే గగన్ అక్కరకు వచ్చును. భూమిపై నేమియు నాటనక్కరలేదు. ఆకాశమునుండి ఎడమకుడులును, ఎత్తుపల్లములును తెలియును. రన్‌వే కనబడకున్నను సుమారు 250 అడుగుల యెత్తువరకు దిగివచ్చి చూచుకొనవచ్చును. చిన్న యూళ్లకు వచ్చునదియు ఎ.టి.ఆర్. వంటి చిన్న విమానమే. కిషన్‌గఢ్‌లో దిగినదియు నదియే. కావున వ్యయమను వాదము పెద్ద జెట్టులకు చెల్లినను చిన్న పట్టణముల దారులకు చెల్లదు. మబ్బు కమ్మిన వేళ వెనుకకు మరలిపోయిన విమానమున కగు ఇంధనపు ఖర్చును, ప్రయాణికుల కడగండ్లను ఆ లెక్కలో నేల చేర్పరు?

మరియొక వాదము మనలోనే కొందరు స్వదేశాభిమానులనుండి వినబడుచున్నది: గగన్ మనది, కావున స్వరాజ్యము సిద్ధించినదని. ఇది సత్యము కాదు. అసత్యముపై నిలిచిన యభిమానము దేశమునకు మేలుచేయదు. గగన్ పరుల గడియారమునకు మనము చేయు సవరణము. గడియారమే ఆగిన సవరణ మేమగును? చరిత్రను జ్ఞాపకమునకు తెచ్చుకొందము. 1983 సెప్టెంబరు 1న కొరియాదేశపు ప్రయాణికుల విమానము దారి తప్పి సోవియట్ ఆకాశమున ప్రవేశించి కూల్చబడగా 269 మంది మరణించిరి. అటుపిమ్మట అమెరికా అధ్యక్షుడు రీగన్ జి.పి.యస్.ను లోకమునకంతకు నిచ్చెదనని ప్రకటించెను. ఐనను పౌరుల కిచ్చు సంకేతమును కావలెననియే మసకబరచి యుంచిరి; ఆ మసకను 2000 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞ తొలగించెను. ఒక యాజ్ఞచే తేటపడినది మరియొక యాజ్ఞచే మసకబారవచ్చును. ఇది ఆ దేశమును నిందించుట కాదు. లోకమునకు వెలకట్టక వారు చేసిన యుపకారము గొప్పదే. కాని పొరుగువాని దీపమున చదువుకొను పిల్లవాడు ఎంత కృతజ్ఞుడైనను, తన యింట నొక దీపము కోరుకొనుట తప్పుకాదు.

ఆ సొంత దీపము నావిక్. 2013 జూలై 1న మొదటి ఉపగ్రహము శ్రీహరికోటనుండి, అనగా తెలుగు సముద్రతీరమునుండియే, లేచెను. 2016 నాటికి ఏడును చేరెను. ఓడల ప్రయాణమునకు నావిక్ తగినదని అంతర్జాతీయ నౌకాసంస్థ 2020లో అంగీకరించెను. ఐనను విదేశములనుండి కొనితెచ్చిన పరమాణు గడియారములు ఒకదానివెంట నొకటి చెడెను. 2023 మే 29న పంపిన ఎన్.వి.యస్.-01లో మొదటిసారిగ స్వదేశపు గడియారము నుంచిరి, అది సంతోషకరము. 2025 జనవరి 29న పంపిన ఎన్.వి.యస్.-02 కవాటము తెరువబడక నిర్ణీత కక్ష్య చేరలేదు. 2025 జూలైలో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినదాని ప్రకారము పంపిన 11 ఉపగ్రహములలో దారి చూపుటకు పనికివచ్చునవి నాలుగు మాత్రమే. నాలుగు కనీసపు సంఖ్య. అందొకటి కన్ను మూసిన గణితము నిలువదు. గగన్ మోయు జీశాట్-8 సైతము పండ్రెండేండ్లకు మించి పనిచేయునని చెప్పి పంపినది. ఆ పండ్రెండేండ్లు 2023లోనే నిండెను. వారసుని సిద్ధపరచకయే యజమానిని వృద్ధుని చేయుట గృహస్థునకు తగదు, ప్రభుత్వమునకు అసలే తగదు.

ఇక దొంగసంకేతముల మాట. 20,000 కిలోమీటర్ల దూరమునుండి వచ్చు సంకేతము మిక్కిలి బలహీనము. దగ్గరనున్న చిన్న యంత్రమైనను దానిని మరుగుపరుపగలదు. అమృతసర్, జమ్ము సరిహద్దులలో 2023 నవంబరు, 2025 ఫిబ్రవరి నడుమ 465 అంతరాయములు కలిగినట్లు ప్రభుత్వమే లోకసభలో చెప్పెను. నాలుగు ఉపగ్రహములున్న చోటు తెలియును. అయిదున్న తప్పు జరిగినదని తెలియును. ఆరున్న తప్పు చేసినదాని నేరివేయవచ్చును. కాని అన్ని సంకేతములును ఒకే దొంగ యంత్రమునుండి వచ్చిన నీ గణితము మోసపోవును. అపుడు గగన్ ఒక్కటియే రక్షింపజాలదు. భూమిపైనుండి మాటలాడు పాత యంత్రములును, విమానములోని జడత్వ సాధనమును, అన్నిటికంటె మించి పైలట్ల శిక్షణయు రక్షించును. పాత యంత్రములను కొంతవరకు నిలుపుకొందుమని ప్రభుత్వము చెప్పినది వివేకమైన మాట. పొదుపు పేరిట ఆ మాట తప్పకుండునట్లు చూచుట మన వంతు.

మా కోరికలు స్పష్టములు. తెలుగు రాష్ట్రముల చిన్న విమానాశ్రయములన్నిటికి గగన్ ద్వారా దిగు మార్గములను గీయించి, పరీక్షించి, ప్రకటింపవలెను. ఆ యూళ్లకు వచ్చు విమానములకు, అవి ఏ సంవత్సరమున నమోదైనవైనను, గగన్ రిసీవరు నిర్బంధము కావలెను. దానికగు వ్యయమున ప్రభుత్వము కొంత భాగము భరింపవలెను. శంషాబాదు చుట్టును నేడు విమాన మరమ్మతు శాలలు వెలసినవి. 2025 నవంబరులో ఫ్రెంచి సంస్థయగు సఫ్రాన్‌వారి ఇంజను శాలయు ప్రారంభమైనది. పరుల ఇంజనులను విప్పి బిగించు పనితో తృప్తిపడక, రిసీవరును అమర్చుట, పరీక్షించుట, ధ్రువీకరించుట యను విద్య నచట మన యువకులకు నేర్పవలెను. ఉస్మానియాలోని పరిశోధకులకును ఆ శాలలలోని పనివారికిని నడుమ ఇరువది మైళ్ల దూరముకూడ లేదు; ఒకరి గణితము ఒకరి చేతికి చేరకుండుట సిగ్గుచేటు. హైదరాబాదు ఆకాశమున దొంగసంకేతములను నిరంతరము కనిపెట్టు కేంద్రము నెలకొల్పి, దాని వార్తలను దాచక ప్రకటింపవలెను. నావిక్ ఉపగ్రహముల లోటును ఎప్పటిలోగా తీర్చెదరో పార్లమెంటున తేదీతో చెప్పవలెను.

స్వాతంత్ర్యమనగా జెండా నెగురవేయుట మాత్రమే కాదని ఈ తరమునకు వేరుగ బోధింపనక్కరలేదు. మనమెచ్చటనున్నామో మనకు మనమే చెప్పుకొనగలుగుటయు స్వాతంత్ర్యమే. ఆ సామర్థ్యము ఉపన్యాసములచే రాదు. యాంటెన్నాను సరియైన చోట బిగించు మెకానిక్కు, పంచాంగము నిండువరకు ఓపికతో వేచియుండు ఇంజనీరు, తెలిసిన చోటుతో పోల్చుకొనకయే నమ్మని పైలటు, గడువు తప్పక ఉపగ్రహమును పంపు శాస్త్రజ్ఞుడు, ఈ నలుగురి దినదిన శ్రద్ధచే వచ్చును. వారి పని వారు చేయుటకు కావలసిన ధనమును, గడువును, గౌరవమును ఇప్పించుట పఠనమందిరములలో పత్రిక చదువు మనబోటివారి పని. రానున్న పార్లమెంటు సమావేశములలో తమ ప్రతినిధులచే ఈ ప్రశ్నల నడిగింపుడని తెలుగు పౌరులను కోరుచున్నాము.